పక్క కొమ్మను చూడని కొమ్మ: కాంటెక్స్ట్ ఫ్రీ భాషపై ఒక సమీక్ష

తెలుగు వ్యాకరణంలో సంధులు చదువుకున్నవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. ‘రాముడు’ అన్న మాట చివరి ఉకారం నిలుస్తుందో పోతుందో ఆ మాట ఒక్కటే తేల్చుకోలేదు. పక్కన ‘ఇతడు’ వస్తే ఉకారం లోపించి ‘రాముడితడు’ అవుతుంది. ‘వచ్చెను’ వస్తే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఇరుగుపొరుగును చూసి నడుచుకొనే సూత్రం అది. నోమ్ చామ్‌స్కీ 1956లో వ్యాకరణాలను తరగతులుగా విడదీసినప్పుడు, ఇందుకు పూర్తిగా భిన్నమైన తరగతిని ఒకదాన్ని గుర్తించాడు. ఆ తరగతి వ్యాకరణంలో ‘వాక్యం’ అన్న గుర్తు కర్తగా, కర్మగా, క్రియగా విడిపోతుంది. ‘కర్త’ మళ్ళీ విశేషణంగా, నామవాచకంగా విడిపోతుంది. కానీ విడిపోయే ఏ గుర్తూ తన పక్కన ఏముందో చూడదు, చూడనవసరమూ లేదు. దానినే సందర్భరహిత వ్యాకరణం అంటారు. కంప్యూటర్ భాషల వాక్యనిర్మాణాన్ని నిర్వచించడానికి దశాబ్దాలుగా వాడుతున్న ఈ పద్ధతిని మాటల మీద నుంచి బొమ్మల మీదికి మళ్ళిస్తే వచ్చిందే నేనిక్కడ సమీక్షిస్తున్న కాంటెక్స్ట్ ఫ్రీ.

ఇది ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష, ఆ భాషలో రాసినదాన్ని బొమ్మగా మార్చే ఒక సాఫ్ట్‌వేర్, రెండూ కలిసినది. భాషను రూపొందించినవాడు క్రిస్ కోయిన్. ఆయన దానికి కాంటెక్స్ట్ ఫ్రీ డిజైన్ గ్రామర్ అని పేరు పెట్టాడు. పొడి అక్షరాల్లో సీఎఫ్‌డీజీ. 2000ల దశాబ్దం మధ్యలో మార్క్ లెంట్జ్‌నర్, జాన్ హారిగన్ కలిసి దానికి ఒక కిటికీ, ఒక ఎడిటర్ జోడించి, కమాండ్ లైన్ (ఆదేశాలు టైపు చేసి కంప్యూటర్‌ను నడిపే పద్ధతి) అలవాటు లేనివారికి కూడా అందుబాటులోకి తెచ్చారు. విండోస్, మాక్‌లలో ఈ కిటికీతోనూ, లినక్స్‌లో కమాండ్ లైన్ నుంచీ నడుస్తుంది. జీపీఎల్ లైసెన్సు కింద ఉచితంగా లభిస్తుంది. తెరిస్తే ఒక పక్క రాసుకొనే చోటు, మరో పక్క బొమ్మ వచ్చే చోటు కనిపిస్తాయి. ఉదాహరణ ఫైళ్ళు కొన్ని దానితోనే వస్తాయి. స్థాపించుకోవడం గురించి ఇంతకు మించి చెప్పవలసినదేమీ లేదు.

భాష నిజంగానే చిన్నది. పుట్టుకతో దానికి తెలిసిన ఆకారాలలో ముఖ్యమైనవి మూడు: ఒక యూనిట్ భుజం గల చతురస్రం, ఒక యూనిట్ వ్యాసం గల వృత్తం, ఒక యూనిట్ భుజం గల సమబాహు త్రిభుజం. వీటిని కుడిఎడమలకు, పైకీ కిందకూ జరపవచ్చు. తిప్పవచ్చు, పెంచవచ్చు, తగ్గించవచ్చు, వాలుగా సాగదీయవచ్చు, అద్దంలోలా తిరగేయవచ్చు. వర్ణాన్ని, దాని గాఢతను, వెలుగును, పారదర్శకతను మార్చవచ్చు. మనం నిర్వచించుకొనే కొత్త ఆకారం ఏదైనా ఈ మూలాకారాలతోనో, మనమే నిర్వచించిన మరికొన్ని ఆకారాలతోనో ఏర్పడుతుంది. ఒక ఆకారం తనను తానే మళ్ళీ పిలుచుకోవచ్చు. ఫైలు మొదట ఏ ఆకారంతో మొదలుపెట్టాలో ఒక పంక్తిలో చెబితే చాలు. తొలి బొమ్మ గీయడానికి ఇంతకంటే ఎక్కువ నేర్చుకోనక్కరలేదు. ఈ మాట ఏ ఇతర గ్రాఫిక్స్ భాష గురించీ ఇంత ధైర్యంగా నేను చెప్పలేను.

నేను మొదట రాసినది ‘సుడి’ అనే ఆకారం. ఒక చతురస్రం గీయి; ఆపైన కొద్దిగా పైకి జరిగి, ఆరు డిగ్రీలు తిరిగి, 97 శాతానికి తగ్గి, మళ్ళీ సుడిగా మారు. ఉన్నవి రెండే ఆదేశాలు. తెర మీద మాత్రం చివరికి వచ్చేసరికి కంటికి ఆనని చుక్కగా ముడుచుకుపోయే శంఖం వంటి ఆకృతి ప్రత్యక్షమైంది. ఆపమని ఎక్కడా చెప్పలేదు కదా, మరి ఎలా ఆగిందన్న అనుమానం మొదటిరోజే వస్తుంది. తెర మీద సుమారు 0.3 పిక్సెల్ కంటే చిన్నదైపోయిన ఆకారాన్ని ఇక విడదీయనవసరం లేదని సాఫ్ట్‌వేర్ తనంతట తానే నిర్ణయించుకుంటుంది. ఆ హద్దును కావాలంటే మనం మార్చుకోవచ్చు. తొలి చతురస్రం తెర మీద 300 పిక్సెళ్ళు ఉందనుకుంటే, అది వెయ్యో వంతుకు తగ్గాలి. అడుగుకు 97 శాతం చొప్పున అందుకు 227 అడుగులు పడతాయి. 99 శాతం చొప్పున అయితే 688, 90 శాతం చొప్పున అయితే 66. పరిమాణం తగ్గకుండా ఉన్నచోటనే గుండ్రంగా తిరిగే ఆకారం రాస్తే చిన్నదై ఆగిపోవడమన్నది దానికి ఉండదు. పెరుగుతూ పోయేలా రాస్తే, ఆకారం మరీ పెద్దదైపోయిందని చెప్పి సాఫ్ట్‌వేర్ చేతులెత్తేస్తుంది. సాధారణ ప్రోగ్రామింగులో పునరావృత్తి (తనను తానే మళ్ళీ పిలుచుకోవడం) నేర్పేటప్పుడు ‘ఆగే షరతు మరచిపోవద్దు’ అని పదేపదే హెచ్చరిస్తారు. ఇక్కడ ఆగే షరతు కంటిచూపు: కనిపించనిది గీయనక్కరలేదు. చిత్రకళకు ఇంత సహజమైన షరతు మరొకటి ఉంటుందనుకోను.

కొత్తవారు తడబడేది కొలతల దగ్గర. ‘పైకి 1’ అని రాస్తే అది ఒక పిక్సెలూ కాదు, తెర మీద స్థిరంగా ఉండే ఏ కొలతా కాదు; ఆ క్షణాన ఆ ఆకారం ఎంత పరిమాణంలో ఉందో ఆ పరిమాణం. తల్లి ఆకారం సగానికి తగ్గితే బిడ్డ వేసే అడుగు కూడా సగానికి తగ్గుతుంది; తల్లి వాలితే బిడ్డకు ‘పైకి’ అన్న దిక్కే వాలిపోతుంది. ప్రతి ఆకారమూ తన సొంత ప్రపంచాన్ని భుజాన వేసుకొని తిరుగుతుంది. ఇది ఒకసారి మనసుకు పట్టిన తరువాత, ఫెర్న్ ఆకు మొత్తాన్ని ఒక ఈనెగా, ఆ ఈనెకు ఇరువైపులా తగ్గుతూ వంగే చిన్న ఫెర్న్ ఆకులుగా రాయడం మాట్లాడినంత సులువవుతుంది. జరపడం, తిప్పడం, తగ్గించడం ఏ వరుసలో జరగాలన్న చిక్కు కూడా ఇక్కడే తలెత్తుతుంది. ఈ భాష మూడో సంస్కరణలో (వెర్షన్‌లో) ఒంటి చదరపు బ్రాకెట్లలో రాస్తే మనం ఏ క్రమంలో రాసినా మొదట జరిపి, తరువాత తిప్పి, ఆ తరువాత పరిమాణం మారుస్తుంది. జంట చదరపు బ్రాకెట్లలో రాస్తే మనం రాసిన క్రమాన్నే పాటిస్తుంది. మొదటి రకంతో మొదలుపెట్టి, అది చాలదని తెలిసినప్పుడే రెండోదానికి వెళ్ళడం మేలు.

రంగుల ఏర్పాటును ఆలోచించి చేశారు. అన్నీ నలుపుతో మొదలవుతాయి. వెలుగును 0.01 పెంచమంటే, తెలుపుకు చేరడానికి ఇంకా ఎంత దూరం మిగిలి ఉందో అందులో నూరో వంతు పెంచుతుంది. కనుక ఎన్ని వందల అడుగులు వేసినా వెలుగు హద్దు దాటి చెడిపోదు. నేను పైన చెప్పిన సుడిలో అడుగడుగుకూ ఇలా పెంచుతూ పోతే, 227 అడుగులు పూర్తయ్యేసరికి నలుపు దాదాపు 90 శాతం వెలుగుకు చేరుతుంది గానీ తెలుపు కాదు. వర్ణానిది వేరే లెక్క: అది 360 డిగ్రీల చక్రం, చుట్టూ తిరిగి మళ్ళీ ఎరుపుకు వస్తుంది. వెలుగూ గాఢతా సున్నాగా ఉండగా వర్ణం ఎంత మార్చినా నలుపు నలుపుగానే ఉంటుందన్న సంగతి మరచిపోయి, నా రంగులు ఏమైపోయాయని నేను అరగంట వెతుక్కున్నాను.

ఈ భాషకు ప్రాణం పోసింది మాత్రం ఒకే ఆకారానికి ఒకటి కంటే ఎక్కువ నియమాలు రాసుకొనే వీలు. ‘కొమ్మ’ అనే ఆకారానికి రెండు నియమాలు ఇచ్చామనుకోండి. మొదటిది, ఒక చుక్క గీసి, కొద్దిగా వంగి, 97 శాతానికి తగ్గి, కొమ్మగానే ముందుకు సాగడం. రెండోది, అక్కడే రెండు కొమ్మలుగా చీలిపోవడం. రెండో నియమానికి 2 శాతం అవకాశం ఇస్తే ప్రతి అడుగులోనూ సాఫ్ట్‌వేర్ పాచిక వేసి ఏదో ఒకటి ఎంచుకుంటుంది. సగటున 50 అడుగులకు ఒక చీలిక వస్తుంది; 227 అడుగుల ఆయుష్షులో ఒక్క కాండం సుమారు 90 చివరలుగా విచ్చుకుంటుంది. అది చక్కని, కొంచెం పలుచని శీతకాలపు చెట్టు. చెట్టు ఐదు రెట్లు గుబురుగా ఉంటే బాగుంటుందనుకొని నేను 2 శాతాన్ని 10 శాతం చేశాను. ఐదు రెట్లు ఎక్కడికి సరిపోతుంది! అడుగుకు 1.1 చొప్పున 227 సార్లు హెచ్చిస్తే సుమారు 249 కోట్లు. కంప్యూటర్ మెమరీ చాలనప్పుడు సాఫ్ట్‌వేర్ ఆకారాలను డిస్కు మీద తాత్కాలిక ఫైళ్ళలో దాచుకుంటుంది గనుక వెంటనే కుప్పకూలలేదు. వినయంగా, మొండిగా, నా డిస్కును నింపుకుంటూ పోయింది. తప్పు పూర్తిగా నాదే. చక్రవడ్డీ లెక్క పుస్తకంలో చదివినప్పటి కంటే ఆ రోజు బాగా అర్థమైంది.

ఈ పెరుగుదలను అదుపు చేయడానికి ఒక పాత పరిశీలన పనికివస్తుంది. చెట్టు ఏ ఎత్తులోనైనా కొమ్మల మందాలన్నీ కలిపితే కాండం మందానికి సమానమవుతాయని లియొనార్డో డా విన్చీ రాసుకున్నాడు. దీనిని మధ్యచ్ఛేద వైశాల్యాలకు అన్వయిస్తే, కాండం రెండు సమానమైన కొమ్మలుగా చీలినప్పుడు ఒక్కొక్కటి కాండంలో సుమారు 0.71 వంతు అడ్డుకొలత ఉండాలి. చీలే నియమంలో ఆ తగ్గింపు చేర్చగానే ఒక్కో చీలికకు కొమ్మ ఆయుష్షులో దాదాపు 11 అడుగులు ఖర్చవుతాయి. ఎక్కువసార్లు చీలిన కొమ్మ త్వరగా ముగుస్తుంది. లెక్క అదుపులోకి వచ్చింది సరే, చెట్టు కూడా చెట్టులా కనిపించడం మొదలైంది. జీవశాస్త్రవేత్త ఆరిస్టిడ్ లిండన్‌మేయర్ 1968లో మొక్కల పెరుగుదలను వర్ణించడానికి ప్రతిపాదించిన ఎల్-సిస్టమ్స్‌కు ఇది దగ్గరి చుట్టమే. అక్కడ ఒక గుర్తుల వరుసలోని ప్రతి గుర్తునూ ఏకకాలంలో తిరగరాసి, వచ్చిన వరుసను తరువాత గీతలుగా చదువుకోవాలి; ఇక్కడ గుర్తుల వరుస అన్నదే లేదు, నియమం నేరుగా ఆకారాన్ని విడదీస్తుంది.

విడదీసే క్రమం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇంకా విడదీయవలసిన ఆకారాలలో అన్నిటికంటే పెద్దదానిని ముందుగా తీసుకోవడం ఈ సాఫ్ట్‌వేర్ పద్ధతి. అందువల్ల తెర మీద మొదట మొత్తం బొమ్మ అస్థిపంజరం కనిపిస్తుంది, తరువాత కండ, ఆ తరువాత నూగు. చిత్రకారులు ముందు స్థూలంగా కూర్పు వేసుకొని పిదప వివరాలలోకి దిగినట్టే ఉంటుంది. ఉపయోగం కూడా ఉంది: బొమ్మ నచ్చదని మొదటి క్షణాల్లోనే తెలిసిపోతుంది గనుక లక్షల ఆకారాలు పూర్తయ్యేదాకా ఎదురుచూడనక్కరలేదు. ఒకదాని మీద ఒకటి పడే ఆకారాలలో పెద్దవి కిందకు, చిన్నవి పైకి రావడం సహజస్థితి. మరోలా కావాలంటే ఆకారానికి ఎత్తు చెప్పవచ్చు. గీతల అంచులు నునుపుగా, ముద్రణకు తగినట్టుగా వస్తాయి.

పాచికలు వేస్తుంది కదా, నచ్చిన బొమ్మ మళ్ళీ వస్తుందా అన్న ప్రశ్నకు సమాధానం వేరియేషన్. ప్రతి బొమ్మకూ కొన్ని ఆంగ్ల అక్షరాల గుర్తు ఉంటుంది. అవే నియమాలకు అవే అక్షరాలిస్తే అదే బొమ్మ వస్తుంది. మూడు అక్షరాల వరకు తీసుకున్నా 18,278 బొమ్మలు ఒకే ఫైలులో దాగి ఉన్నట్టు లెక్క. నా చెట్టుకు రెండు వందల వేరియేషన్లు చూసి నాలుగు ఉంచుకున్నాను. ఇలా ఏరడం తేలికపని అనుకొనేవారు చేసి చూడాలి. యాభయ్యో చెట్టు దగ్గర కన్ను అలసిపోయి అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. మర్నాడు చూస్తే ఒక్కటీ నిలవదు. అన్నిటిలోకీ నాకు బాగా నచ్చినదానిని ఫైలుగా భద్రపరచకుండా తెర ఫొటో తీసుకొని కిటికీ మూసేశాను. అక్షరాలు రాసుకోలేదు. ఆ చెట్టు ఎక్కడో ఉంది, ఏ తలుపు వెనక ఉందో తెలియదు.

భాష బలాబలాలు తేల్చడానికి నేనొక పరీక్ష పెట్టుకున్నాను. కంప్యూటర్ చిత్రకళ తొలినాళ్ళలో, 1965లో స్టుట్‌గార్ట్‌లో తన గీతలను ప్రదర్శించిన గియోర్గ్ నేస్ 1968 ప్రాంతంలో చేసిన ఒక చిత్రం ఉంది. జర్మన్ భాషలో దాని పేరుకు కంకర అని అర్థం. అడ్డంగా 12, నిలువుగా 22 చతురస్రాలు. పై వరుసలో బుద్ధిగా నిలబడినవి కిందికి వచ్చేకొద్దీ పక్కకు జరిగి, వంకరపోయి, చివరికి కుప్పగా పోసినట్టు చెల్లాచెదురవుతాయి. మూడో సంస్కరణలో దీన్ని రాయడం సులువే: 22 సార్లు తిరిగే లూపు, దాని లోపల 12 సార్లు తిరిగే లూపు, ఎన్నో వరుసలో ఉన్నామో ఆ అంకెను యాదృచ్ఛిక కోణానికీ జరుగుడుకూ హద్దుగా వాడుకోవడం. చిక్కులు రెండు వచ్చాయి. పుట్టుకతో వచ్చే చతురస్రం నిండా రంగు పూసి ఉంటుంది. నేస్ చిత్రంలోవి ఉత్త గీతలు. అందుకోసం మూలల గుండా గీసే దారిని నిర్వచించి, దానిని నింపకుండా గీత మాత్రమే పెట్టమనాలి. రెండోది, యాదృచ్ఛిక సంఖ్యనిచ్చే ఫంక్షన్లలో ఒకటి ప్రోగ్రామును చదివేటప్పుడు ఒకేసారి విలువ తేల్చుకుంటుంది, మరొకటి ప్రతి ఆకారానికీ కొత్తగా తేల్చుకుంటుంది. నేను మొదటిదాన్ని వాడాను. చతురస్రాలన్నీ కవాతు చేస్తున్నట్టు ఒకే వైపు, ఒకే కోణంలో వంగాయి. దాన్నీ దాచుకున్నాను, కంకర కాకపోయినా చూడముచ్చటగానే ఉంది.

ఈ పరీక్షలో తేలిన అసలు సంగతి మరొకటి. వరుస అంకెను కిందికి పంపడం భాష తొలి రూపంలో లేదు. తొలి రూపంలో ఆకారానికి తాను ఎన్నో తరానిదో, పేజీలో ఎక్కడ ఉందో తెలియదు. వారసత్వంగా వచ్చేవి స్థానం, పరిమాణం, రంగు వంటివే, వాటినీ అది మార్చగలదు గానీ అడిగి తెలుసుకోలేదు. రెండో సంస్కరణలో లూపులు, దారులు వచ్చాయి. మూడోదానిలో ఆకారాలకు పారామీటర్లు (పిలిచేటప్పుడు అందించే విలువలు), చలరాశులు, ఫంక్షన్లు, షరతులు చేరాయి. గణితంలో ఉన్న 17 రకాల గోడకాగితపు సౌష్ఠవాలలో (ఒకే నమూనా రెండు దిక్కులా పదేపదే వచ్చే తీరులలో) కావలసినదానిని పేరు చెప్పి అడిగే ఏర్పాటు కూడా ఇందులోనిదే. అలా పరుచుకుపోయే నమూనాలు గీసేవారికి అది ఒక్కటే చాలు ఈ సాఫ్ట్‌వేర్ దింపుకోవడానికి. కానీ పారామీటర్లు వచ్చాక దీనిని సందర్భరహితం అనడం కొంత మర్యాదకే. షరతులూ చలరాశులూ నిండిన ఫైలు చదువుతుంటే, మామూలు ప్రోగ్రామింగ్ భాష ఏదో కొంచెం ఇరుకు చొక్కా తొడుక్కున్నట్టు ఉంటుంది. నా అభిప్రాయంలో తొలి రూపంలోని పొదుపే ఈ భాష సొగసు. ఎనిమిది పంక్తుల్లో చెప్పగలిగినదాన్నే చెప్పవలసి రావడం, ఎనిమిది పంక్తుల్లో ఏం చెప్పవచ్చో వెతికిస్తుంది.

పేరులో ఉన్న గుణమే దీని హద్దు కూడా. నా చెట్టులో కొమ్మలు ఒకదాని మీదుగా ఒకటి పోతాయి. అడ్డు వచ్చినప్పుడు పక్కకు తప్పుకోమని చెప్పడానికి దారి లేదు, ఎందుకంటే ఏ కొమ్మకూ మరో కొమ్మ ఉందని తెలియదు. ఒకదానికొకటి తగలకుండా వృత్తాలను కిక్కిరిసేలా అమర్చడం, పక్షుల గుంపులా ఒకరినొకరు చూసి మసలే చుక్కలు, పొరుగు గళ్ళను బట్టి బతికీ చచ్చే గళ్ళ ఆటలు, ఇవేవీ ఇక్కడి పనులు కావు. కోణాలను, హద్దులను తగ్గించి, కొమ్మలు కలిసే అవకాశాన్ని అరుదు చేయవచ్చు, నివారించలేము. మౌసు కదలికకు స్పందించే బొమ్మలు చేయలేము. యానిమేషన్‌కు కొంత ఏర్పాటు ఉంది. ఆకారానికి పుట్టే సమయం, ముగిసే సమయం చెప్పి వీడియోగా దించుకోవచ్చు, కానీ అది ముందే వండి ఉంచిన కదలిక. అక్షరాలు ముద్రించే సౌకర్యం లేదు, ఫొటోను లోపలికి తెచ్చుకొనే వీలు లేదు. వెక్టర్ ఫైలుగా (పిక్సెళ్ళుగా కాక ఆకారాల వర్ణనగా దాచే ఫైలుగా) దించుకోవచ్చు గానీ ప్రతి చిన్న చుక్కా విడిగా నమోదవుతుంది గనుక లక్షల ఆకారాల బొమ్మ అయితే ఆ ఫైలును తెరవడానికే మరో కంప్యూటర్ కావాలనిపిస్తుంది. ముద్రణ కోసం పెద్ద పిక్సెల్ బొమ్మగా దించుకోవడం మేలు. అయితే పిక్సెళ్ళు పెరిగితే 0.3 హద్దు మరింత లోతుకు పోయి, చిన్న కిటికీలో కనిపించని నూగు కూడా ప్రత్యక్షమవుతుందని గుర్తుంచుకోవాలి. ఒకసారి నాకు అది బొమ్మను బాగు చేసింది, రెండుసార్లు చెడగొట్టింది.

ఇరుగుపొరుగు తెలిసిన బొమ్మలు కావలసినవారికి ప్రాసెసింగ్ ఉండనే ఉంది. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో కేసీ రీస్, బెన్ ఫ్రై 2001లో ప్రారంభించిన ఆ భాషలో ప్రతి చుక్కనూ జాబితాలో పెట్టుకొని, ప్రతి ఫ్రేములోనూ అన్నిటినీ అన్నిటితో పోల్చుకోవచ్చు. చేయలేనిదంటూ దాదాపు ఉండదు. కానీ ఖాళీ పేజీ ముందు కూర్చున్నప్పుడు ఏం చేయాలో అది చెప్పదు. కాంటెక్స్ట్ ఫ్రీలో అంకెలు తప్పుగా రాసిన ఫైలు కూడా ఏదో ఒకటి గీసి చూపిస్తుంది, అక్కడి నుంచి దారి దొరుకుతుంది. ఇదే పద్ధతి మూడు పరిమాణాలలో కావాలనుకొనేవారికి, దీని నుంచి ప్రేరణ పొంది మికాయెల్ విట్‌ఫెల్ట్ క్రిస్టెన్సెన్ చేసిన స్ట్రక్చర్ సింథ్ ఉంది. ఘనాలను పేర్చి వింత కట్టడాలు పుట్టించడానికి అది బాగుంటుంది. నునుపైన కొమ్మలు, ఆకులు కావాలంటే నేను దీని దగ్గరికే తిరిగివచ్చాను. తాబేలును నడిపించి గీతలు గీసే లోగోతో మొదలుపెట్టిన పిల్లలకు తరువాతి మెట్టుగా కూడా దీనిని ఇవ్వవచ్చు. అయితే లోగోలో ‘ముందుకు వెళ్ళు, తిరుగు’ అని వరుసగా ఆజ్ఞాపించే అలవాటును ఇక్కడ వదులుకోవాలి. ఇక్కడ ఏది ఏమవుతుందో చెప్పాలి తప్ప ఏం చేయాలో చెప్పకూడదు. పెద్దవారిలో ప్రోగ్రామింగ్ ముందే వచ్చినవారు ఈ మార్పు దగ్గర రానివారి కంటే ఎక్కువగా ఇబ్బంది పడతారు, నేను పడ్డాను.

సహాయ పత్రాలు ఆంగ్లంలోనే ఉన్నాయి, అవీ చెప్పవలసినదాన్ని పొడిపొడిగా చెప్పి ముగిస్తాయి. పాత సంస్కరణల వ్యాకరణంలో రాసిన ఉదాహరణలు, కొత్తవి కలిసిపోయి కనిపించడం కొత్తవారికి గందరగోళమే. మీసాల బ్రాకెట్లలో ఆకారపు మార్పులు రాసి ఉంటే అది పాత సంస్కరణలకు చెందినదని, జంట చదరపు బ్రాకెట్లు ఉంటే మూడోదని గుర్తుపెట్టుకుంటే చాలావరకు బయటపడవచ్చు. ఇతరుల ఫైళ్ళు తెరిచి ఒక్కొక్క అంకె మార్చి చూడడం కంటే మంచి పాఠం నాకు కనిపించలేదు. కోణాన్ని ఒక్క డిగ్రీ మారిస్తే గుమ్మడితీగ కాస్తా నత్తగుల్ల అవుతుంది; ఆ ఒక్క డిగ్రీ ఎక్కడుందో వెతకడానికి ఒక సాయంత్రం పోతుంది.

కొమ్మలు తగులుకోని చెట్టును చివరికి నేను ప్రాసెసింగ్‌లో గీశాను. ప్రతి కొత్త కొమ్మా పుట్టబోయే ముందు తక్కిన కొమ్మలన్నిటినీ చూసి, చోటు ఉంటేనే పుట్టేలా రాయడానికి పది రోజులు, మూడు వందల పంక్తులు పట్టాయి. ఎక్కడా ఒక గీత మరో గీతను దాటదు. దానిని, కాంటెక్స్ట్ ఫ్రీలో పదకొండు పంక్తుల్లో వచ్చినదానిని ఒకే కొలతలో ముద్రించి పక్కపక్కన పెట్టి చూస్తే, రెండోదానిలో ఒక కొమ్మ మరో కొమ్మ వెనక నుంచి వచ్చినట్టు తోచి, చెట్టుకు లోతు ఉన్నట్టు కనిపించింది. మొదటిది కాగితం మీద ఆరేసిన వేరులా ఉంది. ఇప్పుడు ఆ మూడు వందల పంక్తులను పగుళ్ళు, నదీపాయల వంటివి గీయడానికి వాడుతున్నాను. చెట్లకు మాత్రం పదకొండు పంక్తులే.